తెర ఇవతలి తెలివితేటలు

డాలస్ నుంచి అబ్బాయి ఫోన్ చేసి, "నాన్నా, ఈసారి మీ ఇద్దరికీ ప్రీమియం ఎకానమీ తీస్తాను, మోకాళ్ళు నొప్పులంటున్నావుగా" అన్నాడనుకోండి. ఇక్కడే జాగ్రత్తపడాలి. సరే అనేశారా, మీకు ఈ వ్యాసంతో పనిలేదు, పక్క పేజీలో వంటలున్నాయేమో చూసుకోండి. తెలివైనవాడు "ఎందుకురా దండగ, కూర్చుని వెళ్ళేదానికి" అంటాడు. ఫోన్ పెట్టేశాక తెల్లవార్లూ ప్రీమియం సీట్ల ఫొటోలు చూస్తాడు. సీట్లు పోల్చడమంటే ఇదే.

నేను గుంటూరు నుంచి శంషాబాద్ మీదుగా అమెరికాకి ఆరుసార్లు వెళ్ళాను. ఆరుసార్లూ ఎకానమీయే. ఒక్కో ప్రయాణంలో ఎంత మిగిల్చానో నోటుబుక్కులో "ఆదా" అని గడి గీసి రాసుకున్నాను. బ్యాంకులో చేసి రిటైరైన చెయ్యి, లెక్క తప్పదు. మా ఆవిడ కూడా ఆరుసార్లూ వచ్చింది గానీ, కింద చెప్పినవాటిలో ఒక్కటీ పాటించదు. ఆవిడని చూసి నేర్చుకోకండి.

1. కొలతలు నేర్చుకోండి, సగమే నేర్చుకోండి.

దూరప్రయాణాల విమానాల్లో ఎకానమీ సీటుకీ సీటుకీ మధ్య దూరం 31, 32 అంగుళాలు. ఇదంతా కాళ్ళు చాపుకునే జాగా అనుకునేరు. మీ వీపు ఆనే చోటు నుంచి ముందువాడి వీపు ఆనే చోటు దాకా తీసిన కొలత అది. మీ తొడలూ, మోకాళ్ళూ, ముందు సీటు మందమూ, దాని జేబులో కుక్కిన కాగితాలూ, అన్నీ అందులోనే సర్దుకోవాలి. ప్రీమియంలో ఇది 38 దాకా ఉంటుంది, ఎమిరేట్స్ వాళ్ళు 40 దాకా ఇస్తామంటారు. వెడల్పు చూస్తే ఎకానమీ 17, 18 అంగుళాలు, ప్రీమియం 19, 19న్నర.

అబ్బాయితో మాట్లాడేటప్పుడు వెడల్పే ఎత్తండి. "అంగుళంన్నర కోసం అన్ని వేలా? అంగుళంన్నరంటే అగ్గిపెట్టె కూడా కాదు కదరా" అనండి. వాడు పొడవు సంగతి ఎత్తితే మీరు వెనక్కి వాలడం గురించి మాట్లాడండి. వాడు వాలడం గురించి ఎత్తితే లైను సరిగ్గా వినపడటం లేదనండి. ఇంట్లో కుర్చీలన్నీ టేపు పెట్టి కొలవండి. నడుం చుట్టూ మాత్రం టేపు తిప్పకండి, దానికీ దీనికీ సంబంధం లేదు.

బోయింగ్ 777 వచ్చిన కొత్తల్లో చాలా సంస్థలు ఎకానమీలో వరుసకి 9 సీట్లు వేసేవి. తర్వాత్తర్వాత 3-4-3 చొప్పున 10 చేశాయి. విమానం వెడల్పేమీ పెరగలేదు. పదోవాడు ఎక్కడ పట్టాడంటే, తక్కిన తొమ్మిదిమంది భుజాల సందుల్లో. అదే విమానంలో ప్రీమియం వరుసకి 2-4-2, ఎనిమిదిమందే. ఎడంగా కూర్చునేవాళ్ళకి పక్కవాడి ఊరు కూడా తెలియదు. ఎకానమీలో అతని బీపీ మాత్ర వేళ కూడా మీకు తెలుస్తుంది.

2. పేర్లు కలిపెయ్యండి.

యునైటెడ్ వాళ్ళ దగ్గర ఎకానమీ ప్లస్ ఒకటుంది, ప్రీమియం ప్లస్ ఒకటుంది. మొదటిది మామూలు ఎకానమీ సీటే, మోకాళ్ళ ముందు కొన్ని అంగుళాలు ఎక్కువ, అంతే. రెండోదే అసలు ప్రీమియం. దాని సీటు వేరు, వరుసలు వేరు. మొదటిది కొనండి. రెండోది కొన్నానని వియ్యాలవారికి చెప్పండి. రెండింట్లోనూ ప్లస్ ఉంది, అబద్ధం సగమే.

సీటు ఫొటో చూపించమని ఎవరైనా అడిగితే చరిత్ర అందుకోండి. తైవాన్ వాళ్ళ ఎవా ఎయిర్, బ్రిటన్ వాళ్ళ వర్జిన్ అట్లాంటిక్ 1990ల మొదట్లో ఈ నడిమి తరగతి పెట్టాయనీ, మన దేశంలో విస్తారా 2015లో తెచ్చిందనీ, ఎయిరిండియా ఏ350లో ఇలాంటివి 24 సీట్లున్నాయనీ చెప్పండి. మాట మార్చడానికి చరిత్రను మించింది లేదు.

3. ధర తగ్గేదాకా కాపు కాయండి.

ప్రీమియం ధర చాలామటుకు ఎకానమీకి ఒకటిన్నర రెట్ల నుంచి రెండు రెట్ల మధ్య ఆడుతుంది. మనవరాలి పుట్టినరోజు జూన్‌లో అనుకోండి, ఫిబ్రవరి నుంచే రోజుకు మూడుసార్లు రేటు చూడండి. చూడండంతే, కొనకండి. తగ్గితే ఇంకా తగ్గుతుందని ఆగండి. పెరిగితే పెరిగింది తగ్గక పోతుందా అని ఆగండి. వేసవి సెలవుల్లో అటు వెళ్ళేవాళ్ళూ ఇటు వచ్చేవాళ్ళూ విమానాలు నింపేస్తుంటారు, మీరు చలించకండి. మూడో ప్రయాణానికి నేను మే నెలాఖరు దాకా నిబ్బరంగా ఉన్నాను. ఫిబ్రవరిలో ప్రీమియం ఎంతుందో, సరిగ్గా అంత పెట్టి మే ఆఖర్న ఎకానమీ కొన్నాను. ప్రీమియం కొనకుండా తప్పించుకున్నానా లేదా? ఆదా.

జీఎస్టీ కూడా చూడండి. ఎకానమీ టికెట్టు మీద 5 శాతం. ఆ పై తరగతులకి అంతకుముందు 12 ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 చేశారు. అంటే ప్రీమియం కొననివాడికి మిగిలేది ఇంకా పెరిగింది. ప్రభుత్వమే మన పక్షాన ఉంది.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఈ లెక్క వేయండి. రెండు టికెట్లకీ తేడా 60 వేలనుకోండి, గాల్లో ఉండేది 20 గంటలనుకోండి. గంటకి 3 వేలు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఏనాడైనా గంటకి 3 వేలు సంపాదించారా? ఇప్పుడు ఊరికే కూర్చుని సంపాదిస్తున్నారు, అదీ భోజనం పెట్టి మరీ ఇస్తున్నారు. ఈ లెక్క చెప్పినప్పుడు మా ఆవిడ, "అయితే ఆ 60 వేలు ఏ బీరువాలో ఉన్నాయండీ?" అంది. ఆడవాళ్ళకి అకౌంట్లు అర్థం కావు.

4. టికెట్లు విడివిడిగా తీయండి.

భార్యాభర్తల్ని ఒకే బుకింగులో పెడితే పక్కపక్కనే పడేస్తారు. వేరువేరుగా తీసి ఆవిడకి కిటికీ, మీకు నడవ పక్క సీటు పెట్టండి. మధ్య సీటు ఎవరికీ అక్కర్లేదు, ఖాళీగా మిగులుతుంది. అప్పుడు ఇద్దరికీ మూడు సీట్లు. ఒక్కొక్కరికి 26 అంగుళాలు పైనే, ప్రీమియం వాడు కూడా కుళ్ళుకోవాలి.

విమానం నిండిపోతే? నిండుతుంది. శంషాబాద్‌లో తెల్లవారుజామున బయల్దేరే విమానాల్లో అమెరికా వెళ్ళే అమ్మానాన్నలు, చదువులకెళ్ళే పిల్లలు, చంటిబిడ్డల తల్లులు, ఖాళీ ఎక్కడిది? రెండోసారి మా మధ్యలోకి కరీంనగర్ కుర్రాడొకడు వచ్చాడు, ఎంఎస్ చదవబోతున్నవాడు, ఆరడుగులు. "అంకుల్, మీరిద్దరూ పక్కపక్కన కూర్చోండి, నేను జరుగుతాను" అన్నాడు. పొరపాటున కూడా ఒప్పుకోకండి. ఒప్పుకుంటే పథకం వేసింది మీరేనని తెలిసిపోతుంది. 15 గంటలు అతని ఒళ్ళో నుంచే పులిహోర అటూ ఇటూ నడిపించాం. పోపులో మిరపకాయలు ఏరి అతని ట్రేలో పెట్టాను. స్థలం ఆదా.

5. వీల్‌చైర్ అడగండి.

పైసా తీసుకోరు. క్యూ లేదు, ఇంగ్లీషు మాట్లాడే పని లేదు, ఇమిగ్రేషన్ దాకా ఎవరో తోసుకుపోతారు. విమానంలోకి అందరికంటే ముందు ఎక్కిస్తారు, కోటేసుకున్న బిజినెస్ క్లాసు ఆసామి పక్కకి జరిగి దారిస్తాడు. ప్రీమియం టికెట్టుకి కూడా ఈ మర్యాద రాదు. ఏ మోకాలు నొప్పో ఇంటి దగ్గరే నిర్ణయించుకోండి. నిజంగా నడవలేని పెద్దవాళ్ళు వెనకాల కుర్చీ కోసం ఎదురుచూస్తుంటారు. అటు చూడకండి. చూస్తే మనసు మెత్తబడుతుంది.

చిన్న సంగతి ఒకటుంది. ముందు ఎక్కించినవాళ్ళని దించేది అందరికంటే ఆఖర్న. నాలుగో ప్రయాణంలో, గల్ఫ్‌లో విమానం మారాల్సిన చోట, మా వరుసలో 40 కుర్చీల దాకా ఉన్నాయి. తోసేవాళ్ళు ఆరుగురు. కుర్చీల్లో సగంమంది నాలాంటి వాళ్ళే, ఎవరి మోకాలు వాళ్ళు పట్టుకుని ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నాం. మా ఆవిడ చూసి చూసి, చెప్పులేసుకుని, బోర్డుల మీద గేటు నంబరు చదువుకుంటూ నడిచి వెళ్ళిపోయింది. నా కుర్చీ కదిలి గేటు చేరేసరికి తలుపు మూశారు. ఆవిడ పాపం ఎక్కకుండా నాకోసం ఆగింది. మర్నాటి విమానం దాకా హోటల్ గది, మూడు పూటల భోజనం విమానం వాళ్ళే ఇచ్చారు. నోటుబుక్కులో రాశాను: హోటల్, భోజనం, ఆదా. మనవరాలి పుట్టినరోజు కేకు ఫోన్లో చూశాం. కేకులో చక్కెర ఎక్కువ, అదీ ఆదాయే.

6. వీల్‌చైర్‌తో పాటు ఎమర్జెన్సీ తలుపు పక్క సీటు కూడా అడగండి.

ఆ వరుసలో ఎకానమీలోనే కాళ్ళు బారజాపుకోవచ్చు. ప్రమాదం జరిగితే సగం తలుపులే పనిచేసినా అందరూ 90 సెకన్లలో బయటపడగలగాలని విమానాలు తయారుచేసేవాళ్ళకి నియమం. అందుకని ఆ పక్కన కూర్చునేవాడు తలుపు తీయగల ఒడ్డూ పొడవూ ఉన్నవాడై ఉండాలి, సిబ్బంది చెప్పేది అర్థం చేసుకోవాలి. అవన్నీ మనకి ఉన్నాయి. వీల్‌చైర్‌లో వచ్చి ఆ సీట్లో కూర్చున్నాను. "అవసరమైతే ఈ తలుపు తీయగలరా?" అని ఎయిర్‌హోస్టెస్ ఇంగ్లీషులో అడిగింది. "ఇంట్లో బీరువా నేనే తీస్తాను" అన్నాను. "మరి వీల్‌చైర్?" అంది. మోకాలన్నాను. ఏ మోకాలంది. కుడిది చూపించాను. "ఎక్కేటప్పుడు ఎడమది చూపించారు కదండీ" అని మా ఆవిడ గుర్తుచేసింది. తెలుగులోనే చెప్పింది గానీ, ఆ అమ్మాయిది విశాఖపట్నం.

నన్ను చిట్టచివరి వరుసకి మార్చారు. వెనక గోడ ఉంది కనుక సీటు వాలదు. పక్కనే బాత్రూం. నడక ఆదా.

7. చేతిసంచి ఏడు కిలోలంటే ఏడు కిలోలేనా?

కాటా మీద పెట్టేదాన్నే తూస్తారు, ఒంటిమీద ఉన్నదాన్ని తూయరు. మే నెల శంషాబాద్‌లో మూడు చొక్కాలు, స్వెట్టరు, కోటు వేసుకోండి. కోటు జేబుల్లో సున్నుండలు. ఆవకాయ చేతిసంచిలో రానివ్వరు, అంత నూనె తేలేది సెక్యూరిటీ దగ్గర ఆగిపోతుంది, అందుకని వాళ్ళతో కనీసం పావుగంట వాదించండి, వెనక క్యూ వాళ్ళకి కాలక్షేపం. ఎండుకొబ్బరి సంగతి మరీ చిత్రం. అందులోని నూనె వల్ల దానంతటదే వేడెక్కి అంటుకుంటుందని విమానాల్లో ప్రమాదకరమైన సరుకుల జాబితాలో పెట్టారు. మన కొబ్బరి కురిడీకి అంత శక్తి ఉందని తెలిసి గర్వపడ్డాను. వాళ్ళు దాన్ని తీసి చెత్తబుట్టలో వేశారు.

పైన అరలో పట్టని సంచిని కాళ్ళ దగ్గర పెట్టుకోండి. మొదట్లో చెప్పిన 32 అంగుళాలు అప్పుడు 20 అవుతాయి. కాళ్ళు సంచి మీద పెట్టుకోండి. ప్రీమియం వాళ్ళకి కాళ్ళు పెట్టుకునే పలక ఇస్తారట, మనది సొంతం.

8. ముందు సీటువాణ్ణి వాలనివ్వకండి.

ముందు సీటు వాలకుండా ట్రే చేతులకి తగిలించే ప్లాస్టిక్ బిళ్ళలు అమెరికాలో 2003లోనే అమ్మకానికి వచ్చాయి. 2014 ఆగస్టులో నెవార్క్ నుంచి డెన్వర్ వెళ్ళే విమానంలో ఒకాయన అవి తగిలించాడు. విమాన సిబ్బంది తీయమన్నారు, ఆయన తీయలేదు, ముందు సీటావిడ గ్లాసెడు నీళ్ళు ఆయన మొహాన కొట్టింది. విమానాన్ని షికాగోలో దించి ఇద్దర్నీ దింపేశారు. ఇద్దరూ కూర్చున్నది ఎకానమీ ప్లస్‌లో, అంటే కాళ్ళకి ఎక్కువ జాగా ఉన్న సీట్లలో. జాగా ఉన్నవాళ్ళే అంత పోరాడితే, లేనివాళ్ళం ఎంత పోరాడాలి? చాలా సంస్థలు ఆ బిళ్ళలు ఒప్పుకోవు గనక మోకాళ్ళే వాడండి. రెండు మోకాళ్ళూ ముందు సీటు వెన్నుకి ఆనించి, 15 గంటలు బిగబట్టండి. అతను వాలలేడు. మీరు కదలలేరు. గెలుపు మీదే.

9. లేవకండి, నీళ్ళు తాగకండి.

లేచారా, పక్కవాడి మోచెయ్యి మీ చేతిపట్టె మీదకి వచ్చేస్తుంది. తిరిగి రాబట్టడం సివిల్ కోర్టు వ్యవహారం. నీళ్ళు తాగితే లేవాల్సి వస్తుంది, కాబట్టి తాగకండి. విమానం లోపలి గాలిలో తేమ 20 శాతం కన్నా తక్కువే ఉంటుంది, నాలిక దానంతటదే ఎండిపోయి మాటలు కూడా ఆదా అవుతాయి.

నాలుగు గంటలకి మించి కదలకుండా కూర్చుని ప్రయాణిస్తే సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. విమానమైనా బస్సయినా రైలైనా ఒకటేనట, అసలు కారణం కదలకపోవడమట. అబ్బాయి ఈ ముక్క చదివి వినిపించి, లేచి నాలుగడుగులు వెయ్యి నాన్నా అన్నాడు. నేను నాకు కావాల్సింది పట్టుకున్నాను. కదలకపోతే ప్రీమియంలోనైనా ఇదే గతి అన్నమాట. మరి ప్రీమియం దేనికి? మా ఆవిడ మాత్రం గంటకోసారి లేచి వెనక్కీ ముందుకీ తిరుగుతూ, వంటింటి దగ్గర ఎయిర్‌హోస్టెస్‌ల పెళ్ళిళ్ళ సంగతులు కనుక్కుంటూ గడిపేసింది.

అయిదోసారి డాలస్‌లో దిగేసరికి నా పాదాలు అరిసెల్లా పొంగాయి. బూట్లు పట్టలేదు. చేత్తో పట్టుకుని మేజోళ్ళతో నిలబడబోయాను, నిలబడలేకపోయాను. ఎదురుగా వీల్‌చైర్ సిద్ధంగా ఉంది, నేనే అడిగింది. ముందుచూపంటే అది. ఆస్పత్రిలో స్కానింగుకి ఎంతయిందో అబ్బాయి చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి నోటుబుక్కులో ఎక్కలేదు.

10. ప్రత్యేక భోజనం చెప్పండి. 24 గంటల ముందు చెబితే చాలు, అందరికన్నా ముందు మీకే తెస్తారు. తిన్నాక ఆ ట్రే తీసుకెళ్ళేది మాత్రం అందరితో పాటే. ఆ ముప్పావుగంట ఖాళీ గిన్నెల ముందు కదలకుండా కూర్చోండి, తొమ్మిదో చిట్కా పాటించినట్టూ అవుతుంది.

11. వేలంలో పాడండి.

పై తరగతి సీటుకి ఎంత పెడతారో మీరే చెప్పండంటూ కొన్ని విమాన సంస్థలు ప్రయాణానికి ముందు ఈమెయిల్ పంపుతాయి. అన్నిటికంటే తక్కువ అంకె కొట్టండి. ఆరోసారి నా ఒక్కడి టికెట్టు మీదే పాడాను. ఆవిడకి కిటికీ సీటు ఉంది కదా, పైగా ఆవిడ ఏమీ అడగలేదు.

గేటు దగ్గర కౌంటరు నుంచి మా ఆవిడ పేరు పిలిచారు. ఎకానమీలో సీట్లకి మించి టికెట్లు అమ్మారట, కొందరిని డబ్బు తీసుకోకుండానే ప్రీమియంలోకి పంపుతున్నారట. "ఏవండీ, నాకేదో సీటు మార్చామంటున్నారు, మనిద్దరికీనా?" అని అడిగింది. నేను ముందుకెళ్ళి మేం భార్యాభర్తలమని చెప్పాను. కంప్యూటర్‌లో చూసి, "మీవి వేరువేరు బుకింగులు సార్. మీ టికెట్టు మీద వీల్‌చైర్ ఉంది, ప్రత్యేక భోజనం ఉంది, సీటు కోసం రాసిన రిక్వెస్టు ఉంది. మేడం టికెట్టు మీద ఏమీ లేదు, మార్చడం తేలిక" అన్నాడు. మా ఆవిడ ఒక్క క్షణం నా మొహం చూసింది. "అక్కడ పెట్టుకోనిస్తారో లేదో, ఈ సంచి మీ దగ్గర ఉంచండి" అని నా ఒళ్ళో పెట్టి వెళ్ళింది.

ఆవిడ కిటికీ సీట్లోకి ఎవరో పెద్దాయన వచ్చాడు. మధ్య సీటు చంటిబిడ్డ తల్లిది. నడవ పక్కన కూర్చుంటే పిల్లాణ్ణి ఎత్తుకుని తిప్పడానికి వీలవుతుందని అడిగింది. ఎయిర్‌హోస్టెస్ నావైపు చూసింది. మోకాలని చెప్పబోయాను, ఏ మోకాలో గుర్తురాలేదు. మధ్యకి జరిగాను.

ఏడు గంటలయ్యాక ప్రీమియం వైపు తెర కదిలింది. ఎయిర్‌హోస్టెస్ ఒక చాక్లెట్టు, గుడ్డ నాప్‌కిన్‌లో చుట్టిన రొట్టెముక్క తెచ్చి ఇచ్చింది. "మేడం పంపారు. పడుకునే ముందు మీకివ్వమన్నారు" అంది. తెర సందులోంచి చూశాను. కాళ్ళు పలక మీద పెట్టుకుని, దుప్పటి గడ్డం దాకా లాక్కుని, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది.

రెండు సంచుల మధ్య కాళ్ళు ఇరికించుకుని నోటుబుక్కు తీశాను. ప్రీమియం ఎకానమీ సీటు, ఒకటి. ఖర్చు, సున్నా. ఆదా గడిలో ఇంత పెద్ద అంకె ఆరు ప్రయాణాల్లో ఎన్నడూ పడలేదు. రాద్దామని పెన్ను మూత తీశాను, పెన్ను జారి కిందపడింది. వంగి తీసుకుందామంటే వంగే చోటు లేదు.